పోలండ్ రైతు ఉన్నాడు, పాలమూరు కూలీ లేడు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న యూనివర్సిటీలో నేను అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. రెండేళ్ళ కిందట మా దగ్గర ఎం.ఏ. సోషియాలజీ మొదలుపెట్టారు. ఏడాదికి 40 మంది. ఆ సబ్జెక్టుకు ఇంతవరకు విడిగా పుస్తకాలు కొననే లేదు. ఇప్పుడు ఒక్కసారిగా 6 లక్షలు వచ్చాయి, మార్చి 31 లోపు ఖర్చు పెట్టాలి. హెచ్‌ఓడీ గారు 400 పుస్తకాల జాబితా ఇచ్చారు. ఢిల్లీలోని ఒక పెద్ద యూనివర్సిటీ సిలబస్ చివర ఉన్న జాబితానే అది, మక్కీకి మక్కీ. ఒక సప్లయర్ వచ్చి "మొత్తం నేను చూసుకుంటా మేడమ్, మీకేం టెన్షన్ వద్దు" అంటున్నాడు. పిల్లలేమో గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్ తప్ప ఏదీ అడగరు. ఎక్కువమంది డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. మొన్న ఒకమ్మాయి మాత్రం బీడీ కార్మికుల మీద ఏదైనా పుస్తకం ఉందా అని అడిగింది. వాళ్ళమ్మ బీడీలు చుడుతుందట, ప్రాజెక్టు దాని మీదే చేస్తుందట. ఎకనామిక్స్ ర్యాక్ చూపించాను. కాసేపు వెతికి ఖాళీ చేతులతో వెళ్ళిపోయింది. నేను బీఎస్సీ చదివి లైబ్రరీ సైన్స్‌లోకి వచ్చినదాన్ని, సోషియాలజీ నాకు తెలియదు. పైగా పుస్తకాలు పోతే నా జీతంలోంచి కట్టాల్సి వస్తుందని సీనియర్లు భయపెడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. 6 లక్షలు, 400 పుస్తకాలు, మార్చి 31 సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బీడీల అమ్మాయి గురించి మాట్లాడాలి. అలాంటి ఒక పిల్లవాణ్ణి నేనూ ఖాళీ చేతులతో పంపించాను కాబట్టి.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. నేను పనిచేస్తున్న లైబ్రరీకి ఒక ఎం.ఏ. విద్యార్థి వచ్చి పాలమూరు కూలీల మీద పుస్తకం కావాలన్నాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలవ తవ్వినా మేస్త్రీల వెంట గుంపులుగా వెళ్ళేవాళ్ళు పాలమూరు కూలీలు. అతని తండ్రి కూడా అలా వెళ్ళినవాడే. కార్డు కేటలాగులో 'వలస' కింద వెతికాను. రెండు లావుపాటి సంపుటాలు దొరికాయి. థామస్, జ్నానియెట్స్కీ అనే ఇద్దరు రాసిన 'ది పోలిష్ పెజెంట్ ఇన్ యూరప్ అండ్ అమెరికా'. 1918–20 మధ్య మొదటిసారి అచ్చయిన పుస్తకం. పోలండ్ పల్లెల నుంచి అమెరికాకు పోయిన రైతుల గురించి. సోషియాలజీలో దానికి చాలా పెద్ద పేరు. అవి తీసి బల్ల మీద పెట్టాను. ఆ అబ్బాయి అట్ట చూశాడు, నన్ను చూశాడు, "ఇది కాదు మేడమ్" అని మర్యాదగా అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం తీరిక దొరికి ఆ పుస్తకం తెరిచాను. పేజీలకు పేజీలు ఉత్తరాలే! సముద్రం దాటిపోయినవాళ్ళకు ఇంటి దగ్గర నుంచి వెళ్ళిన ఉత్తరాలు. డబ్బు గురించి, పెళ్ళిళ్ళ గురించి, పొలం పంపకాల గురించి. మామూలు మనుషుల మామూలు కాగితాలు పోగుచేసి ఆ ఇద్దరూ అంత గ్రంథం కట్టారు. ఆ పుస్తకం మా ర్యాకులో దశాబ్దాలుగా ఉంది. దాన్ని కొనడం మాకు వచ్చింది గానీ, అది ఎలా తయారైందో చూసి మన జిల్లా కాగితాలు మనమూ పోగేయాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మీ చుట్టుపక్కల ఊళ్ళలో ట్రంకుపెట్టెలు తెరిస్తే దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి వచ్చిన ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు ఇప్పటికీ ఉంటాయి.

అందుకే మీ హెచ్‌ఓడీ గారి జాబితాను నేను తీసిపారెయ్యను. అది సగం పని. మిగతా సగం మీ ఊరి బస్టాండు చుట్టూ ఉంది.

ఇక పనిలోకి వద్దాం. ఆ సప్లయర్ ఇచ్చిన కేటలాగును ఒక వారం పాటు సొరుగులో పెట్టి తాళం వేయండి. ఆ వారంలో 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొని కౌంటర్ మీద పెట్టండి. మా లైబ్రరీలో దాన్ని 'లేదు రిజిస్టర్' అనేవాళ్ళం. ఎవరైనా ఏదైనా అడిగితే, అది మన దగ్గర లేకపోతే, అడిగిన మాట అడిగినట్టు అందులో రాయాలి. 'బీడీ కార్మికులు', 'జోగిని', 'గల్ఫ్ పోయినోళ్ళ భార్యలు', 'సిరిసిల్ల మరమగ్గాలు' అని వాళ్ళ మాటల్లోనే. దాన్ని మీరు ఇంగ్లిష్ సబ్జెక్ట్ హెడింగ్‌గా మార్చొద్దు. పిల్లలు గైడ్లు తప్ప ఏదీ అడగరని రాశారు. అడిగినప్పుడల్లా "లేదు" అనే జవాబు వస్తే ఎవరైనా ఎన్నిసార్లు అడుగుతారు? రిజిస్టర్ పెట్టిన నెలకే అడగడం పెరుగుతుంది, చూడండి. దానితోపాటు డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళి ఈ రెండేళ్ళలో పిల్లలు చేసిన ప్రాజెక్టుల పేర్లన్నీ రాసుకుని రండి. మీ దగ్గర ఏ పుస్తకాలు ఉండాలో ఆ పేర్లు చూస్తేనే సగం తెలిసిపోతుంది.

హెచ్‌ఓడీ గారితో వాదన పెట్టుకోకండి. ఆయన జాబితానూ, మీ యూనివర్సిటీ సొంత సిలబస్‌నూ పక్కపక్కన పెట్టుకుని వెళ్ళి ఒకటే అడగండి: "సార్, ఈ రెండు సెమిస్టర్లలో క్లాసులో మీరు నిజంగా చదివించేవి ఏవో టిక్ పెట్టండి. ఏ అధ్యాయమో కూడా పక్కన రాయండి." నా అనుభవంలో 400 పుస్తకాల జాబితాలో టిక్కులు యాభై దాటవు. మిగిలినవి చెడ్డవని కాదు, అవి పీహెచ్‌డీ వాళ్ళ కోసం మెల్లగా కొనుక్కోవచ్చు. అధ్యాయం నంబరు రాయించుకోవడం ఎందుకంటే, చాలా పుస్తకాల్లో ఎం.ఏ. విద్యార్థికి కావలసింది ఒకటో రెండో అధ్యాయాలే. అలాంటివాటిని ఒక్కొక్క కాపీ కొని, ఆ అధ్యాయాలతో రీడింగ్ ప్యాక్ చేయించుకుంటే సరిపోతుంది. ఇది తప్పేమో అని భయపడకండి. ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ ప్రశ్ననే పరిశీలించింది. బోధన అవసరానికి అధ్యాయాలు జిరాక్స్ చేయించి ఇవ్వడం కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు కిందికి వస్తుందని చెప్పింది. అలాగని పుస్తకం మొత్తం జిరాక్స్ కొట్టించి ర్యాకులో పెట్టొద్దు. అది వేరే వ్యవహారం.

టిక్కులు పడ్డవాటిలో అందరూ చదివి తీరాల్సినవి పాతికకు మించవు. వాటిని 5 కాపీల చొప్పున తీసుకోండి. 40 మంది క్లాసుకు ఒక్క కాపీ కొంటే, ఇంటర్నల్స్ ముందు రోజు ఆ కాపీ ఎవరి హాస్టల్ గదిలో ఉందో వెతుక్కోవడమే మీ పని అవుతుంది. 5 కాపీల్లో ఒకదాన్ని ఇష్యూ చేయకుండా రీడింగ్ హాల్‌లోనే ఉంచండి. ఆడిట్ వాళ్ళు "ఒకే పుస్తకం ఐదు ఎందుకు" అని తప్పకుండా అడుగుతారు. బుక్ సెలక్షన్ కమిటీ మినిట్స్‌లో విద్యార్థుల సంఖ్యతో సహా ఒక వాక్యం ముందే రాయించి పెట్టుకోండి.

ధరల దగ్గర కళ్ళు తెరుచుకుని ఉండాలి. విదేశీ హార్డ్‌బౌండ్ ఒక్కోటి తొమ్మిది, పది వేలు పలుకుతుంది. అదే పుస్తకానికి చాలాసార్లు మన దేశంలో అమ్మే పేపర్‌బ్యాక్ ఉంటుంది, వెయ్యి లోపే వస్తుంది. సప్లయర్ దాని సంగతి తనంతట తాను చెప్పడు. కొటేషన్ అడిగేటప్పుడే 'ఇండియన్ ఎడిషన్ లేదా సౌత్ ఏషియా ఎడిషన్ ఉంటే అదే ఇవ్వాలి' అని షరతు పెట్టండి. ఇంకో మోసం ఉంది. కాపీరైట్ అయిపోయిన పాత పుస్తకాలను స్కాన్ చేసి, కొత్త అట్ట వేసి వేల రూపాయలకు అమ్ముతారు. థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో తెచ్చిన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఏడు సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటికి డబ్బు పెట్టి, చదవడానికి వీల్లేని మసక పేజీలు కొనకండి. ఇక 'ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇండియన్ సొసైటీ, పది సంపుటాలు' లాంటి పేర్లతో, ఎడిటర్ ఎవరో తెలియని సెట్లు వస్తుంటాయి. మార్చి నెలలో వీటికి గిరాకీ ఎక్కువ, మూడు సెట్లతో లక్ష అయిపోతుంది కదా! నేను కూడా కొత్తలో ఒక సెట్టు కొన్నాను. రిటైరయ్యే దాకా అది రెండుసార్లు మాత్రమే కదిలింది, రెండుసార్లూ సున్నం వేయడానికి.

కొనాల్సిన మూల గ్రంథాల్లో మార్క్స్, దుర్ఖైమ్, వెబర్ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు, జాబితాలో ఉండే ఉంటాయి. వాళ్ళను నేరుగా చదవలేని పిల్లలకు వాళ్ళ గురించి తేలిక ఇంగ్లిష్‌లో రాసిన మంచి పుస్తకం ఒకటి, దానికే 8 కాపీలు ఉంటే మేలు. భారతీయ సోషియాలజీలో వదలకూడనివి కొన్ని చెబుతాను, మీ జాబితాతో పోల్చి చూసుకోండి. సంస్కృతీకరణ, అంటే కింది కులాలు పై కులాల పద్ధతుల్ని అనుసరించడం, అనే మాటను చర్చలోకి తెచ్చిన ఎం.ఎన్. శ్రీనివాస్ పుస్తకం, కూర్గుల మీద రాసింది, 1952ది. బంధుత్వ పద్ధతుల మీద ఇరావతీ కర్వే పుస్తకం 1953ది. మేనరికం చేసుకునే మనకూ, చేసుకోని ఉత్తరాదికీ తేడా అందులో చదివితే మన పిల్లలకు మొదటిసారి ఈ సబ్జెక్టు తమ ఇంటి గురించే అని అర్థమవుతుంది. తంజావూరు జిల్లాలోని ఒక గ్రామం మీద ఆంద్రె బెతెయ్ 1965లో రాసింది, జాతీయోద్యమం వెనక ఉన్న వర్గాల మీద ఏ.ఆర్. దేశాయ్ 1948లో రాసింది. అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన కులాల వ్యాసం, 1936 నాటి కుల నిర్మూలన ప్రసంగం ఎం.ఏ. పిల్లలకు తప్పనిసరి. వాటిని రాజనీతిశాస్త్రం ర్యాకులో పెట్టి సోషియాలజీ వాళ్ళకు కనబడకుండా చేసే అలవాటు చాలా లైబ్రరీల్లో ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వచ్చాను. మీ లైబ్రరీలో తలుపు తెరవగానే కనబడేలా ఒక ర్యాక్ ఖాళీ చేయించి, 'మన ఊళ్ళు, మన మనుషులు' అని బోర్డు పెట్టండి. ఆ ర్యాకులో ఏం పెట్టాలి?

ఎస్.సి. దూబే 1955లో తెచ్చిన 'ఇండియన్ విలేజ్' పేరు సోషియాలజీ చదివిన ప్రతివాళ్ళూ వినే ఉంటారు. ఆ విలేజ్ ఎక్కడో లేదు, మన హైదరాబాద్ పక్కన ఉన్న శామీర్‌పేట. మీ పిల్లలు కరీంనగర్ వైపు నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు రాజీవ్ రహదారి మీద దాన్ని దాటుకునే వస్తారు. ఇప్పుడక్కడ రిసార్టులు, ఫామ్‌హౌసులు. 1950ల్లో అక్కడ ఎవరు ఏ పని చేసేవాళ్ళు, ఎవరింట్లో ఎవరు తినేవాళ్ళు, పండగలు ఎలా చేసేవాళ్ళు అన్నది ఆ పుస్తకంలో ఉంది. దాన్ని పట్టుకుని ఒక బస్సులో పిల్లల్ని తీసుకెళ్తే చాలు, మార్పు అనే పాఠం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పాలమూరు వైపు ఊరు మీద పాల్ హీబర్ట్ రాసిన 'కొండూరు' 1971ది. ఆదిలాబాద్ గోండుల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసింది 1948ది, చెంచుల మీద రాసింది 1943ది. 1940లో కొమురం భీం చనిపోయాక, అడవిలో తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వమే హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. సర్కారు అవసరం కొద్దీ పుట్టిన పుస్తకాన్ని ఎలా చదవాలన్నది మంచి క్లాసు చర్చ అవుతుంది.

థర్‌స్టన్ లాగే సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యపు కులాలు, తెగల మీద ఒక సంపుటం తెచ్చాడు. ఈ పాత పుస్తకాలు ఉండాలి, కానీ ఒంటరిగా ఉండకూడదు. థర్‌స్టన్‌కు మనుషుల తలలు, ముక్కులు కొలిచే పిచ్చి ఉండేది. కులాల గురించి ఆయన రాసినవాటిలో ఆ కులాల వాళ్ళు చదివితే కడుపు మండే మాటలున్నాయి. అలాంటి పుస్తకం పక్కనే ఆ కులాల నుంచి వచ్చినవాళ్ళు తమ గురించి తాము రాసుకున్నవి పెట్టండి. కంచ ఐలయ్య 1996 పుస్తకం తెలుగులో 'నేను హిందువు నెట్లయిత?' పేరుతో దొరుకుతుంది. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లిష్‌లో రాసిన కుటుంబ కథ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటల్ని టేపు రికార్డర్లతో సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మాత్రం నాలుగు కాపీలు కొనండి. మౌఖిక చరిత్ర ఎలా రాయాలో నేర్పడానికి తెలుగులో దాన్ని మించింది నాకు కనబడలేదు. ఐటీ ఉద్యోగాలంటూ దేశాలు దాటే మన పిల్లల గురించి కూడా ఒకటుంది. ష్యాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' రాశాడు. కోస్తాంధ్ర కుర్రాళ్ళు, కన్సల్టెన్సీలు, కట్నాలు, ఆస్ట్రేలియాలో పని దొరక్క 'బెంచ్' మీద కూర్చున్న రోజులు అన్నీ ఉన్నాయి. గల్ఫ్ వలస చదివే పిల్లలు దీన్నీ పక్కన పెట్టుకుంటే బావుంటుంది.

డబ్బు పెట్టినా దొరకనివి కొన్ని ఉంటాయి. అసలు కష్టం అక్కడే. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోతలు జరిగాయి. అప్పుడు పౌరహక్కుల సంఘాలు ఊళ్ళలో తిరిగి నిజనిర్ధారణ నివేదికలు వేశాయి. ఐదు, పది రూపాయల పల్చటి పుస్తకాలు. ఐఎస్‌బీఎన్ ఉండదు, వెన్ను మీద పేరు ఉండదు, ఏ సప్లయరూ తేడు. చాలా లైబ్రరీల్లో వాటిని 'కరపత్రం' అని పక్కన పడేశారు. ఇవాళ ఆ ఘటనల మీద పీహెచ్‌డీ చేసేవాళ్ళు అవి ఎవరింట్లో ఉన్నాయా అని ఊరూరా తిరుగుతున్నారు. మీ జిల్లాలో పాత టీచర్లు, యూనియన్ నాయకులు, రిటైరైన విలేకరులు ఉంటారు. వాళ్ళ ఇళ్ళలో అటకల మీద ఇలాంటివి మూటలుగా ఉంటాయి, వాళ్ళ తర్వాత పిల్లలు తూకానికి వేసేస్తారు. ఒక ఉత్తరం రాసి, లెటర్‌హెడ్ మీద వైస్ ఛాన్సలర్ గారి సంతకం పెట్టించుకుని వెళ్ళి అడగండి. ఇచ్చినవాళ్ళ పేరు పుస్తకం లోపల అంటిస్తామని చెప్పండి. కాదనరు.

ప్రభుత్వ నివేదికలదీ అదే కథ. బీసీల మీద 1970 అనంతరామన్ కమిషన్, 1982 మురళీధరరావు కమిషన్, ఎస్సీ వర్గీకరణ మీద 1997 రామచంద్రరాజు కమిషన్, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన వర్గీకరణ తీర్పు, దాని తర్వాత 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చిన చట్టం. ఇవన్నీ ఒక చోట బైండు చేయించి 'వర్గీకరణ' అని పెట్టారనుకోండి, మీ పిల్లలు తెల్లారేసరికి క్యూ కడతారు. అన్ని కులాల లెక్కలు ప్రచురించిన చివరి జనగణన 1931ది, నిజాం రాష్ట్రానికి దాని సంపుటాలు విడిగా ఉన్నాయి. 1961 జనగణనలో ఆంధ్రప్రదేశ్‌కు జిల్లాలవారీగా జాతరలు, పండగల సంపుటాలు, కొన్ని ఊళ్ళ మీద విడి పుస్తకాలు వచ్చాయి. మీ జిల్లా జాతర అప్పుడు ఎలా జరిగేదో వాటిలో చూసుకోవచ్చు. పాత జనగణన పుస్తకాలు సెన్సస్ వాళ్ళ సైటులో ఉన్నాయి. మీ జిల్లావి మాత్రం దించుకుని ప్రింటు తీయించండి. 2024 నవంబరులో మొదలైన తెలంగాణ ఇంటింటి సర్వే లెక్కలు కూడా బయటికి వచ్చినవి వచ్చినట్టు భద్రం చేయండి. సైటు నుంచి ఎప్పుడు ఏది మాయమవుతుందో చెప్పలేం.

తెలుగు పుస్తకాలకు కనీసం లక్ష పక్కన పెట్టండి. సప్లయర్‌కు వీటి మీద ఆసక్తి ఉండదు. ధర తక్కువ, వాడికి మిగిలేది తక్కువ. తెలుగు అకాడమీ, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి చోట్ల నేరుగా కొనడానికి ముందే అనుమతి తీసుకోండి. ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా చెబుతాను. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిష్ పుస్తకం తీసుకెళ్ళరని వాళ్ళను తక్కువ చేసి మాట్లాడే స్టాఫ్ ప్రతి లైబ్రరీలో ఉంటారు. తెలుగులో ఉన్న పది మంచి పుస్తకాలు చదివిన పిల్ల పదకొండోది ఇంగ్లిష్‌ది అడుగుతుంది. నేను కళ్ళారా చూశాను. ఆ పది మనం కొని పెట్టకపోవడం మన తప్పు.

కొన్న పుస్తకం కనబడకపోతే కొననట్టే లెక్క. పుస్తకాలకు సబ్జెక్టు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో సోషియాలజీ 301 నుంచి 307 దాకా అని మనకు క్లాసులో చెబుతారు. కానీ ఈ సబ్జెక్టు పుస్తకాలు లైబ్రరీ అంతా చెదిరిపోతాయి. కులం 305.5122 దగ్గర, కార్మికులు 331 దగ్గర, గుడులు, జాతరలు 294.5 దగ్గర, స్టాటిస్టిక్స్ 519.5 దగ్గర. మా లైబ్రరీలో చెప్పులు కుట్టే కులం మీద ఒక మంచి పుస్తకం 675లో, అంటే తోళ్ళ పరిశ్రమలో, పన్నెండేళ్ళు ఉండిపోయింది. పేరులో 'లెదర్' ఉందని ఎవరో వేసేశారు. ర్యాకులు మార్చక్కర్లేదు, కేటలాగులో తెలుగు మాటలు చేర్చండి. మీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా అయితే యూనికోడ్ తెలుగు హాయిగా తీసుకుంటుంది. లేదు రిజిస్టర్‌లో పిల్లలు వాడిన మాటలు, 'బీడీ', 'వలస', 'జోగిని', సబ్జెక్ట్ ఫీల్డులో ఎక్కించండి. తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో మాత్రమే ఎక్కించే పద్ధతి వెంటనే ఆపండి. ఒకే పేరును నలుగురు నాలుగు రకాల స్పెల్లింగులతో ఎక్కిస్తే ఏ వెతుకులాటలోనూ దొరకదు.

జర్నల్స్‌కు ఈ 6 లక్షల్లోంచి ఎక్కువ తీయకండి. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 పెద్ద ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, ప్రభుత్వ యూనివర్సిటీలకు యూజీసీ వాళ్ళ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా అందుతున్నాయి. మీ యూనివర్సిటీ నమోదైందో లేదో మాత్రం కనుక్కోండి. నమోదై కూడా స్టాఫ్‌కు తెలియని చోట్లు చూశాను. ఇందులో వచ్చేవి జర్నల్సే, పుస్తకాలు కావు. ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) మాత్రం అచ్చు కాపీ తెప్పించి రీడింగ్ హాల్లో పడేయండి. చేతికి తగిలితేనే అది చదువుతారు. మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైటులో మీ జిల్లా పేరు కొట్టి వచ్చిన థీసిస్‌లన్నీ చూడండి. బీడీల మీద కూడా ఉంటాయి.

గైడ్లు కొనండి. నెట్, సెట్ పుస్తకాలు, సివిల్స్ ఆప్షనల్ పుస్తకాలు విడిగా ఒక ర్యాక్, ఇష్యూ లేకుండా. గ్రూప్-2 రెండో పేపర్లో సామాజిక నిర్మితి, సమస్యలు, ప్రభుత్వ విధానాలు ఉన్నాయి. ఆ పుణ్యాన కెమిస్ట్రీ పిల్లలు కూడా మీ సోషియాలజీ ర్యాక్ దగ్గరికి వస్తారు. ఉద్యోగం కోసం చదవడం మన పిల్లలకు సిగ్గుపడే విషయం కాదు. అయితే ఆ ర్యాకును మీ 'మన ఊళ్ళు' ర్యాకుకు ఎదురుగా పెట్టండి. అదొక చిన్న కుట్ర.

పోయిన పుస్తకాల భయం గురించి. ఈ భయం వల్లే మన లైబ్రరీల్లో మంచి పుస్తకాలన్నీ అద్దాల బీరువాల్లో తాళాలు వేసుకుని ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ రూల్ చదవండి. ఏడాదిలో ఇష్యూ అయిన, సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోతే అది సహజ నష్టమే, నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ ఉంటుంది. 20,000 లోపు పుస్తకాలున్న లైబ్రరీ ఏటా పూర్తి స్టాక్ వెరిఫికేషన్ చేయాలని కూడా అందులోనే ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలకు సొంత నిబంధనలుంటాయి కాబట్టి మీ దగ్గర ఏముందో ఫైనాన్స్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. ఏమీ లేకపోతే ఈ రూల్ జతచేసి, ఇదే పాటిస్తామని కమిటీలో తీర్మానం చేయించండి. సీనియర్లు భయపెట్టేది వాళ్ళనూ ఎవరో భయపెట్టారు కాబట్టే. లెక్క రాసుకుంటూ, ఏటా వెరిఫికేషన్ చేస్తూ ఉంటే మీ జీతం జోలికి ఎవరూ రారు.

సోషియాలజీ రాదని బెంగ పెట్టుకున్నారు. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కు ఆద్యుడైన రంగనాథన్ గారు 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీకి రాకముందు లెక్కల మాస్టారు. మీకు ఆ సబ్జెక్టు రావాలని ఎవరూ అడగడం లేదు. మీ కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళు ఏం అడుగుతున్నారో చెవి పెట్టి వినడం రావాలి. అది వచ్చు కాబట్టే ఆ అమ్మాయి సంగతి నాకు రాశారు.

మార్చి గడువుకు ఇంకా టైముంటే ఆర్డర్లను రెండుగా విడగొట్టండి. టిక్కులు పడ్డ పాఠ్యపుస్తకాలు, ఇండియన్ ఎడిషన్లు ఇప్పుడే. తెలుగువి, స్థానికమైనవి ఫిబ్రవరి చివర, లేదు రిజిస్టర్ చూసుకుని. మిగిలిన యాభై వేలో అరవై వేలో ఖర్చు కాకపోతే వెనక్కి పోనివ్వండి. దాన్ని ఖర్చు పెట్టాలని పది సంపుటాల ఎన్‌సైక్లోపీడియా కొన్నారని తెలిస్తే నేనే వచ్చి తిడతాను.

ఆ అమ్మాయికి కబురు పంపండి. పుస్తకాలు ఇంకా రాలేదనే చెప్పి, శోధ్‌గంగలో దొరికిన ఒకటి రెండు థీసిస్‌లు చూపించండి. వాళ్ళమ్మ దగ్గర బీడీ కార్మికుల గుర్తింపు కార్డు, పీఎఫ్ కాగితం, ఆకు, తంబాకు లెక్క రాసే చిన్న పుస్తకం ఉంటాయి. అభ్యంతరం లేకపోతే, పేర్లు కప్పేసి, వాటి నకళ్ళు ప్రాజెక్టుకు జత చేయమనండి. రిపోర్టు పూర్తయ్యాక ఒక కాపీ బైండు చేయించి లైబ్రరీకి ఇవ్వమని అడగండి. బైండింగ్ ఖర్చు మీరే పెట్టుకోండి, నూటయాభై అవుతుందేమో. దానికి లైబ్రరీ పుస్తకంగా అక్సెషన్ నంబరు వేసి, సబ్జెక్ట్ ఫీల్డులో 'బీడీ' అని తెలుగులో కొట్టండి.